కవిత్రయాన్ని సేవ్ చేసేదెలా? జాంగోలో మెనీ టు మెనీ

(రికార్డింగ్ విని రాసిన పాఠం. తడబాట్లు తీసేసి, మిగతాదంతా మాట్లాడినట్టే ఉంచాం.)

నమస్కారమండీ. వెనక నిలబడ్డవాళ్లు దయచేసి ముందుకు వచ్చేయండి, ఇక్కడ రెండు వరుసలు ఖాళీగా ఉన్నాయి. ముందు కూర్చున్నంత మాత్రాన ప్రశ్నలేమీ అడగను, భయం లేదు.

అడగనన్నాను గానీ ఒక్కటి అడుగుతాను. ఆంధ్ర మహాభారతం రాసిందెవరు? నన్నయ. ఇంకా? తిక్కన, ఎర్రన. ముగ్గురూ వచ్చేశారు, బాగుంది. ఇప్పుడు మీరొక లైబ్రరీ కేటలాగ్ చేస్తున్నారనుకోండి. పుస్తకాల టేబుల్ ఉంది, అందులో రచయిత అని ఒక కాలమ్ పెట్టారు. ఆ కాలమ్‌లో ఎవరి పేరు రాస్తారు?

కామాలు పెట్టి ముగ్గురి పేర్లూ రాసేస్తారా? నవ్వకండి, అలా నడుస్తున్న డేటాబేసులు చాలానే ఉన్నాయి. రేపు ఒకాయన వచ్చి తిక్కన పుస్తకాలన్నీ చూపించమంటాడు. నిర్వచనోత్తర రామాయణమూ ఆయనదే కదా. ఎర్రనకి నృసింహ పురాణం ఉంది, హరివంశం ఉంది. ఒక పుస్తకానికి ముగ్గురు కవులు, ఒక్కో కవికి ఇన్నేసి పుస్తకాలు. మెనీ టు మెనీ అంటే ఇదే. జాంగో అంటే పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్, దాని డాక్యుమెంటేషన్‌లో దీనికి ఉదాహరణగా పిజ్జాలూ టాపింగులూ ఉంటాయి. మనకి అంతదూరం పోవాల్సిన పనేముంది?

మోడల్, అంటే టేబుల్‌ని వర్ణించే పైథాన్ క్లాసు, ఎలా రాయాలో ఈరోజు చెప్పబోవడం లేదు. బుక్ అనే క్లాసులో ఆథర్స్ అని ఒక మెనీ టు మెనీ ఫీల్డ్ పెడితే అయిపోతుంది, ఒక్క లైను. తలనొప్పంతా ఆ తర్వాత, సేవ్ చేసేటప్పుడు మొదలవుతుంది. సేవ్ అయిందనుకుంటాం, కాదు. ఎర్రర్ రాదు, డేటా ఉండదు. ఎర్రర్ వస్తే ఏదో ఒకటి చేసుకుంటాం. ఎర్రరే రాకపోతే ఎక్కడని వెతుకుతాం?

ఆ ఒక్క లైను రాసినప్పుడు డేటాబేసులో ఏం జరుగుతుందో ముందు చూద్దాం. పుస్తకాల టేబుల్‌లో ఆథర్స్ అనే కాలమ్ రాదు. మళ్లీ చెబుతున్నా, అలాంటి కాలమ్ రాదు. మీ యాప్ పేరు కేటలాగ్ అయితే, కేటలాగ్ అండర్‌స్కోర్ బుక్ అండర్‌స్కోర్ ఆథర్స్ అని మూడో టేబుల్ ఒకటి పుడుతుంది. అందులో మూడే కాలమ్‌లు. దాని సొంత ఐడీ, బుక్ ఐడీ, ఆథర్ ఐడీ. అదే జంట రెండుసార్లు పడకుండా ఒక యూనిక్ నిబంధన కూడా జాంగోయే పెడుతుంది. భారతానికి ఈ టేబుల్‌లో మూడు రికార్డులు. భారతం నన్నయ, భారతం తిక్కన, భారతం ఎర్రన. పుస్తకం రికార్డుని భూతద్దం పెట్టి చూసినా కవి పేరు దొరకదు.

ఇంతవరకూ అందరికీ తెలిసిందే. దీన్నుంచి తేలేదేమిటి? మూడో టేబుల్‌లో రికార్డు రాయాలంటే రెండు ఐడీలూ ముందే ఉండాలి. రోల్ నంబర్ ఇవ్వని పిల్లాడికి హాజరు వేయలేం కదా. కాబట్టి మెనీ టు మెనీ ఎప్పుడూ రెండు అడుగుల్లోనే సేవ్ అవుతుంది. మొదటి అడుగు పుస్తకం, రెండో అడుగు లింకులు. ఫ్రేమ్‌వర్క్ ఏదైనా అంతే. లారవెల్ వాళ్లు పుస్తకం సేవ్ చేసి ఆ తర్వాత సింక్ పిలుస్తారు, అవునా? రెయిల్స్‌లో కొత్త రికార్డుకి ఆథర్ ఐడీలు ముందే ఇచ్చేయొచ్చు, అది తనే పుస్తకం సేవ్ చేశాక లింకులు రాసుకుంటుంది. కనబడకపోయినా అక్కడా రెండు అడుగులే. జాంగోలో మీకొచ్చే ప్రతి మెనీ టు మెనీ ఇబ్బందినీ ఈ ఒక్క ప్రశ్నతో పట్టుకోవచ్చు: నా కోడ్ ఇప్పుడు ఏ అడుగు దగ్గరుంది?

తేలికైనది ముందు. పుస్తకం ఆబ్జెక్ట్ తయారుచేశారు, సేవ్ చేయకుండానే బుక్ డాట్ ఆథర్స్ డాట్ యాడ్ అన్నారు. వాల్యూ ఎర్రర్ వస్తుంది. ఐడీకి విలువ ఉంటే తప్ప ఈ సంబంధాన్ని వాడలేరని స్పష్టంగానే చెబుతుంది. మంచి ఎర్రర్ అది, తిట్టుకోకండి.

అయితే ఇందులో ఒక తిరకాసు ఉంది. ప్రైమరీ కీగా, అంటే రికార్డు ఐడీగా, యూయూఐడీ అనే పొడవాటి గుర్తింపు సంఖ్య వాడేవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఆ, మీరున్నారు. యూయూఐడీకి డిఫాల్ట్ ఇస్తే, ఆబ్జెక్ట్ తయారైన క్షణంలోనే ఐడీ వచ్చేస్తుంది. ఇంకా సేవ్ కాలేదు, కానీ ఐడీ ఉంది. జాంగో చూసేది ఐడీ ఉందా లేదా అనే. అందుకని ఇందాకటి ఎర్రర్ మీకు రాదు. నేరుగా డేటాబేసు దాకా వెళ్లి, అలాంటి పుస్తకమే లేదని ఫారిన్ కీ (వేరే టేబుల్ రికార్డుని చూపించే ఐడీ) ఎర్రర్ కొడుతుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేసులో ఇంకో మెలిక. జాంగో అక్కడ ఫారిన్ కీ తనిఖీని కమిట్ దాకా, అంటే మార్పులు ఖరారయ్యేదాకా, వాయిదా వేసేలా పెడుతుంది. మీరు ఒక పెద్ద ట్రాన్సాక్షన్ (జరిగితే అన్నీ జరగాలి, లేదా ఏదీ జరగకూడదన్న పనుల కట్ట) లోపల ఉంటే ఎర్రర్ యాడ్ అన్న లైను దగ్గర రాదు, చిట్టచివర కమిట్ దగ్గర వస్తుంది. ట్రేస్‌బ్యాక్ చూస్తే మీరు రాసిన లైనే అందులో ఉండకపోవచ్చు. టెన్షన్ పడకండి, వెళ్లి సేవ్ ఎక్కడ పిలిచారో చూడండి.

ఇంకొకటి. ఆబ్జెక్ట్స్ డాట్ క్రియేట్‌లోనే ఆథర్స్ ఈక్వల్స్ అని లిస్టు ఇచ్చేద్దామనిపిస్తుంది. ఇస్తే టైప్ ఎర్రర్. నేరుగా కేటాయించడం నిషిద్ధం, సెట్ వాడండి అంటుంది. పాత ప్రాజెక్టులు చూసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది, ఒకప్పుడు బుక్ డాట్ ఆథర్స్ ఈక్వల్స్ అని లిస్టు పెట్టేసేవాళ్లం, పనిచేసేది. సెట్ అనే మెథడ్ జాంగో 1.9లో వచ్చింది. 1.10లో, అంటే 2016లో, నేరుగా కేటాయించొద్దని హెచ్చరించడం మొదలుపెట్టారు. 2017 చివర్లో 2.0 వచ్చేసరికి తీసేశారు. ఎందుకు తీశారు? ఈక్వల్స్ గుర్తు పెడితే మెమరీలో మాత్రమే మారాలి, సేవ్ అంటేనే డేటాబేసులోకి వెళ్లాలి. మిగతా ఫీల్డులన్నీ అలాగే ఉంటాయి. ఇదొక్కటి మాత్రం ఈక్వల్స్ అనగానే డేటాబేసులో రాసేసేది. చూసేవాడికి అర్థం కాదు. తీసేసి మంచి పని చేశారనే నా అభిప్రాయం, పాత కోడ్ మార్చుకోవడానికి ఎంత విసుక్కున్నా సరే.

ఇప్పుడు అసలైనదానికి వద్దాం. ఫారమ్‌లు.

మోడల్ ఫారమ్ తెలుసు కదా, మోడల్ నుంచి జాంగో తయారుచేసే ఫారమ్. ఫారమ్ డాట్ సేవ్ అంటే రెండు అడుగులూ అదే వేస్తుంది, పుస్తకం రాసి, వెంటనే లింకులు రాస్తుంది. హాయిగా ఉంటుంది. కానీ మనం ఊరుకోం. ఈ పుస్తకాన్ని ఎవరు ఎంటర్ చేశారో లాగిన్ అయిన యూజర్ పేరు కూడా దానికి తగిలించాలి. ఏం చేస్తాం? అందరూ చేసేదే. ఫారమ్ డాట్ సేవ్ బ్రాకెట్లో కమిట్ ఈక్వల్స్ ఫాల్స్, అంటే ఆబ్జెక్ట్ ఇవ్వు, డేటాబేసులో ఇంకా రాయకు అని. చేతికొచ్చిన పుస్తకానికి యూజర్ తగిలించి, బుక్ డాట్ సేవ్. రీడైరెక్ట్. అయిపోయింది.

అయిపోయిందా? పుస్తకం పేరు వచ్చింది, ప్రచురణ సంవత్సరం వచ్చింది, యూజర్ పేరు వచ్చింది. కవులు లేరు. ఎర్రర్ లేదు, లాగ్‌లో ఏమీ లేదు. లైబ్రేరియన్ ఫారమ్‌లో ముగ్గురినీ టిక్ పెట్టింది, తన కళ్లతో చూసి పెట్టింది. పేజీ మళ్లీ తెరిస్తే ఎవరూ లేరు. ఆమె ఏమనుకుంటుంది? తనే పెట్టడం మర్చిపోయాననుకుంటుంది! మళ్లీ పెడుతుంది. ఎడిట్ పేజీ కోడ్‌లో కమిట్ ఫాల్స్ లేదనుకోండి, అక్కడ సేవ్ అవుతుంది. ఇక ఈ బగ్ ఎవరూ ఫిర్యాదు చేయరు. నెలల తరబడి అలా ఉండిపోతుంది.

కమిట్ ఫాల్స్ అన్నారంటే మొదటి అడుగు కూడా మీరే వేస్తానన్నట్టు. పుస్తకానికి ఐడీయే లేనప్పుడు ఫారమ్ లింకులెలా రాస్తుంది? అందుకని అది ఒక పని చేస్తుంది. ఆ రెండో అడుగుని సేవ్ ఎమ్ టూ ఎమ్ (ఎమ్ టూ ఎమ్ అంటే మెనీ టు మెనీ) అనే మెథడ్‌గా ఫారమ్‌కే తగిలించి మీ చేతికిస్తుంది. బుక్ డాట్ సేవ్ అయ్యాక ఫారమ్ డాట్ సేవ్ ఎమ్ టూ ఎమ్ అని మీరు పిలవాలి. గమనించండి, బుక్ మీద కాదు, ఫారమ్ మీద. టిక్కులు పెట్టిన సమాచారం ఫారమ్ దగ్గరే ఉంది కాబట్టి. ఇంకో సంగతి, కమిట్ ఫాల్స్ అనకుండా ఆ మెథడ్ పిలిస్తే అలాంటిదే లేదంటుంది. అవసరమైనప్పుడే పుడుతుంది అది.

అసలు చాలాచోట్ల కమిట్ ఫాల్స్ అక్కర్లేదు. ఫారమ్ డాట్ ఇన్‌స్టాన్స్ ఉంది కదా. దానికి ముందే యూజర్ తగిలించి, ఆ తర్వాత మామూలుగా ఫారమ్ డాట్ సేవ్ అనండి. రెండు అడుగులూ అదే వేసుకుంటుంది. క్రియేట్ వ్యూ వాడేవాళ్లయితే ఫారమ్ వాలిడ్ మెథడ్‌లో ఇదే ఒక్క లైను. ట్యుటోరియల్స్ అన్నీ కమిట్ ఫాల్స్‌తోనే ఎందుకు నేర్పుతాయో నాకైతే ఇప్పటికీ అర్థం కాదు.

వాలిడేషన్ కూడా ఇక్కడే అనేస్తాను. కనీసం ఒక కవి ఉండాలన్న నియమాన్ని మోడల్ క్లీన్‌లో రాయకండి. అది నడిచేటప్పటికి రెండో అడుగు ఇంకా పడలేదు, లింకులు లేవు. ఫారమ్ క్లీన్‌లో రాయండి, అక్కడ క్లీన్డ్ డేటాలో ఎంచుకున్న కవులు దొరుకుతారు.

ఇక అడ్మిన్, అంటే జాంగో ఇచ్చే నిర్వహణ పేజీలు, సిగ్నల్స్, అంటే ఏదైనా జరిగినప్పుడు మన కోడ్‌ని పిలిచే ఏర్పాటు. ఇవి రెండూ ఒకే కథ.

కొత్త పుస్తకం సేవ్ కాగానే సభ్యులకి ఈమెయిల్ వెళ్లాలి, ఫలానా పుస్తకం వచ్చింది, రచయితలు ఫలానా వారు అని. ఎక్కడ రాస్తారు? పోస్ట్ సేవ్ సిగ్నల్‌లో. లేదా మోడల్ సేవ్‌నే ఓవర్‌రైడ్ చేసి, సూపర్ (అసలు సేవ్) పిలిచాక రాస్తారు. షెల్‌లో పాత పుస్తకం మీద టెస్ట్ చేస్తారు, బ్రహ్మాండంగా పనిచేస్తుంది. అడ్మిన్‌లో కొత్త పుస్తకం పెడతారు. ఈమెయిల్ వెళ్తుంది, అందులో రచయితలు అన్నచోట ఖాళీ. ఎందుకో ఎవరైనా చెబుతారా? ... కరెక్ట్, బాబు చెప్పాడు. పోస్ట్ సేవ్ అనేది మొదటి అడుగు చివర నడుస్తుంది. రెండో అడుగు ఇంకా పడలేదు.

ఇదే సిగ్నల్ పాత పుస్తకాన్ని ఎడిట్ చేసినప్పుడు ఇంకా ఘోరం. ఖాళీ రాదు, పాత కవులు వస్తారు. మీరు ఎర్రనని ఇప్పుడే చేర్చారు, ఈమెయిల్‌లో ఇద్దరే ఉంటారు. ఖాళీగా ఉంటే కనీసం అనుమానమొస్తుంది. ఇది చూస్తే సరిగ్గానే ఉన్నట్టుంటుంది!

అడ్మిన్‌లో వరస ఇదీ. ముందు సేవ్ మోడల్ నడుస్తుంది, తర్వాత సేవ్ రిలేటెడ్. లింకులు రాసేది ఆ రెండోది. మీ పని లింకుల మీద ఆధారపడితే సేవ్ రిలేటెడ్‌ని ఓవర్‌రైడ్ చేయండి, ముందు సూపర్ పిలవండి, ఆ కిందే మీ కోడ్. అప్పుడు ఫారమ్ డాట్ ఇన్‌స్టాన్స్ డాట్ ఆథర్స్ డాట్ ఆల్ అంటే కొత్త జాబితా వస్తుంది. అడ్మిన్ ఇదంతా ఒకే ట్రాన్సాక్షన్‌లో చేస్తుంది కాబట్టి, ఈమెయిల్ లాంటివి ట్రాన్సాక్షన్ డాట్ ఆన్ కమిట్‌లో పెడితే ఇంకా మంచిది. కానీ చూసుకోండి, బయట అటామిక్, అంటే ట్రాన్సాక్షన్ తెరిచే బ్లాక్, లేనిచోట ఆన్ కమిట్ వాయిదా పడదు, అక్కడికక్కడే నడిచేస్తుంది.

సిగ్నలే కావాలంటే ఎమ్ టూ ఎమ్ చేంజ్డ్ అని వేరే ఉంది. దాని సెండర్‌గా బుక్‌ని ఇస్తే ఏమీ జరగదు. బుక్ డాట్ ఆథర్స్ డాట్ త్రూ ఇవ్వాలి, అంటే ఆ మూడో టేబుల్‌ని. యాడ్‌కి ముందొకసారి, తర్వాతొకసారి పిలుస్తుంది. రిమూవ్‌కి, క్లియర్‌కి కూడా అంతే. యాక్షన్ ఏమిటో చూడకుండా కోడ్ రాస్తే ఈమెయిల్ రెండేసిసార్లు వెళ్తుంది. పైగా ఇటునుంచి కాక అటునుంచి, అంటే తిక్కన డాట్ బుక్స్ డాట్ యాడ్ అని ఎవరైనా రాశారనుకోండి, అదే సిగ్నల్ వస్తుంది గానీ ఇన్‌స్టాన్స్‌లో ఉండేది పుస్తకం కాదు, తిక్కన! రివర్స్ అనే ఆర్గ్యుమెంట్ ట్రూగా వస్తుంది, అది చూసుకోవాలి. నిజం చెప్పాలంటే ఈ సిగ్నల్ జోలికి నేను సాధ్యమైనంతవరకూ వెళ్లను. పుస్తకం చేర్చడం అనే ఒక ఫంక్షన్ రాసి, అందులో రెండు అడుగులూ వేసి, కింద ఈమెయిల్ పెడితే చదివేవాడికి కళ్లెదుట కనిపిస్తుంది.

యాడ్, సెట్ తేడా గబగబా చెప్పేస్తాను. యాడ్ ఉన్నదానికి కలుపుతుంది, ఉన్న కవినే మళ్లీ యాడ్ చేస్తే డూప్లికేట్ పడదు. సెట్ అలా కాదు, మీరిచ్చిన జాబితాయే ఆఖరు. జాబితాలో లేనివాళ్లని తీసేస్తుంది, కొత్తవాళ్లని కలుపుతుంది, ఉన్నవాళ్ల జోలికి పోదు. మొబైల్ యాప్ నుంచి ఎర్రనని చేర్చమని ఒక్క ఎర్రన ఐడీయే పంపారు, సర్వర్‌లో సెట్ ఉంది. ఏమైంది? నన్నయ, తిక్కన పోయారు. యాప్‌లకి ఏపీఐలు రాసే జాంగో రెస్ట్ ఫ్రేమ్‌వర్క్‌లో, వచ్చిన డేటాని ఆబ్జెక్టులుగా మార్చే సీరియలైజర్ చేసేది సరిగ్గా ఇదే. ఆథర్స్‌ని పక్కకి తీసి, పుస్తకాన్ని సృష్టించి, ఆ తర్వాత సెట్ పిలుస్తుంది. దాని చుట్టూ ట్రాన్సాక్షన్ తనంతట తాను పెట్టదు. ప్రతి రిక్వెస్టునీ ట్రాన్సాక్షన్‌లో చుట్టే అటామిక్ రిక్వెస్ట్స్ సెట్టింగ్ ఆన్ చేయలేదు, సెట్ దగ్గర ఏదో తేడా వచ్చింది, కవుల్లేని పుస్తకం డేటాబేసులో మిగిలిపోతుంది. రెండు అడుగులున్నచోట చుట్టూ అటామిక్ పెట్టండి. ఇందులో వాదనకేమీ లేదు.

ఇప్పుడు మళ్లీ భారతం. నన్నయ, తిక్కన, ఎర్రన అంటాం. ఇది కాలం ప్రకారం వరస, 11, 13, 14 శతాబ్దాలు. కానీ పర్వాల వరసలో చూడండి. ఆది, సభా పర్వాలు, అరణ్య పర్వంలో కొంత నన్నయది. అరణ్య పర్వ శేషం ఎర్రనది. విరాట పర్వం నుంచి చివరిదాకా పదిహేను పర్వాలు తిక్కనవి. అంటే పుస్తకంలో నన్నయ, ఎర్రన, తిక్కన. అకారాదిగా పెడితే ఎర్రన, తిక్కన, నన్నయ. కేటలాగ్ పేజీలో ఏ వరస చూపిస్తారు? ఎవరు ఏ భాగం రాశారన్నది ఎక్కడ రాస్తారు? పుస్తకం టేబుల్‌లోనా? రచయిత టేబుల్‌లోనా? రెండింట్లోనూ కుదరదు. అది ఆ జంటకి సంబంధించిన సమాచారం, మూడో టేబుల్‌లోనే ఉండాలి. జాంగో సొంతంగా చేసిన టేబుల్‌లో మనకి చోటు లేదు. కాబట్టి త్రూ అని చెప్పి మన మోడల్ మనం రాసుకోవాలి. కాంట్రిబ్యూషన్ అని పేరు పెడదాం. అందులో పుస్తకం, రచయిత, పాత్ర, వరస సంఖ్య, భాగం.

జాంగో 2.2 కి ముందు, అంటే 2019 దాకా, త్రూ పెడితే యాడ్, సెట్ పనిచేసేవి కావు. ఇప్పుడు పనిచేస్తాయి, త్రూ డిఫాల్ట్స్ అని అదనపు విలువలు ఇవ్వొచ్చు. కానీ ఆ విలువలు కొత్త లింకులకి మాత్రమే. ఎర్రన లింకు ముందే ఉంటే, సెట్‌లో కొత్త వరస సంఖ్య ఇచ్చినా అది మారదు. మారలేదని చెప్పదు కూడా. క్లియర్ ఈక్వల్స్ ట్రూ ఇస్తే అన్నీ తుడిచి మళ్లీ రాస్తుంది, దాంతో మీరు కష్టపడి ఎంటర్ చేసిన భాగాల వివరాలు గాల్లో కలిసిపోతాయి. యూనిక్ నిబంధన కూడా ఇక మీ బాధ్యతే, మీరు పెట్టకపోతే ఉండదు. ఒకే మనిషి అనువాదకుడూ సంపాదకుడూ అయితే పుస్తకం, రచయిత, పాత్ర మూడూ కలిపి యూనిక్ పెట్టుకోండి. అప్పుడు రెండో పాత్రని యాడ్‌తో చేర్చలేరు, జంట ఇప్పటికే ఉందని వదిలేస్తుంది. కాంట్రిబ్యూషన్ రికార్డు నేరుగా సృష్టించాలి. అసలు త్రూ రాసుకున్నాక యాడ్, సెట్ మర్చిపోయి కాంట్రిబ్యూషన్‌నే మామూలు మోడల్‌లా వాడమంటాను. అడ్మిన్‌లో కూడా ఇక ఆథర్స్ పెట్టె రాదు, ఇన్‌లైన్, అంటే పుస్తకం పేజీలోనే కాంట్రిబ్యూషన్ రికార్డుల పట్టిక, పెట్టుకోవాలి. అదే మేలు, వరస సంఖ్య పక్కనే కనిపిస్తుంది.

త్రూ తర్వాత చూసుకుందాంలే అనుకుంటున్నారా? తర్వాత మైగ్రేషన్, అంటే టేబుల్ మార్పుల ఫైలు, రాస్తే జాంగో ఒప్పుకోదు, మామూలు ఫీల్డుని త్రూ ఉన్న ఫీల్డుగా మార్చలేనంటుంది. సెపరేట్ డేటాబేస్ అండ్ స్టేట్ అని ఒక ఆపరేషన్ ఉంది, దాంతో పాత టేబుల్‌నే కొత్త మోడల్‌కి అప్పగించొచ్చు. డాక్యుమెంటేషన్‌లో ఉదాహరణతో సహా ఉంది. చేయొచ్చు గానీ, రచయితల వరస కావాల్సివస్తుందని ముందే తెలిసినప్పుడు మొదటిరోజే త్రూ పెట్టేయండి. పుస్తకాలకైతే కచ్చితంగా కావాల్సివస్తుంది.

ప్రశ్నలుంటే అడగండి.

ఎక్సెల్ ఫైలు నుంచి వేల పుస్తకాలు ఎక్కించాలి, ఒకేసారి బోలెడు రికార్డులు రాసే బల్క్ క్రియేట్‌లో ఆథర్స్ ఎలా ఇవ్వాలి అని మేడమ్ అడుగుతున్నారు. ఇవ్వలేమండీ. ఇక్కడా రెండు అడుగులే. ముందు పుస్తకాలు బల్క్ క్రియేట్ చేయండి. తర్వాత బుక్ డాట్ ఆథర్స్ డాట్ త్రూ తీసుకుని, ఐడీల జంటలతో దాన్ని బల్క్ క్రియేట్ చేయండి. వేల పుస్తకాలకి కూడా నాలుగైదు క్వెరీల్లో తేలిపోవచ్చు. ఒక్క జాగ్రత్త, పోస్ట్‌గ్రెస్‌లో మొదటి అడుగు తర్వాత ఐడీలు మీ ఆబ్జెక్టుల్లోకి వచ్చేస్తాయి. మైఎస్‌క్యూఎల్‌లో రావు, ఐఎస్‌బీఎన్ లాంటిది పట్టుకుని మళ్లీ తెచ్చుకోవాలి. పాత పుస్తకాలకి ఐఎస్‌బీఎన్ కూడా ఉండదంటారా? నిజమే. అప్పుడు ఎక్సెల్ షీటు వరస సంఖ్యని ఒక కాలమ్‌గా దాచుకోండి. ఇంకో మాట, ఈ దారిలో ఎమ్ టూ ఎమ్ చేంజ్డ్ సిగ్నల్ రాదు.

ఆ, వెనక సార్. రచయితని డిలీట్ చేస్తే ఏమవుతుంది? జాంగో సొంతంగా చేసిన మూడో టేబుల్ అయితే లింకులు ఆ రచయితతోపాటే పోతాయి, పుస్తకాలుంటాయి. ఎమ్ టూ ఎమ్ చేంజ్డ్ అప్పుడూ రాదు. మీ సొంత కాంట్రిబ్యూషన్ మోడల్ ఉంటే అక్కడ ఆన్ డిలీట్ మీ ఇష్టం. కేటలాగ్ కాబట్టి రచయిత వైపు ప్రొటెక్ట్ పెట్టండి. ఒక్క పుస్తకానికి లింకు ఉన్నా ఆ రచయిత రికార్డు డిలీట్ కాదు, ముందు ఆ లింకు ఎవరో కావాలని తీయాలి.